తెలీదని చెప్పడానికి జాలరిపేట వెళ్ళాం

అర్థశాస్త్రం, మనస్తత్వశాస్త్రం నిజంగా శాస్త్రాలేనా అని నేనూ నూకరత్నమూ విశాఖ హాస్టల్లో ఉన్న రోజుల నుంచీ వాదించుకుంటూనే ఉన్నాం. నేను సామర్లకోటలో డిగ్రీ పిల్లలకి ఎకనామిక్స్ చెబుతాను. రత్నం యారాడలో, సముద్రం మీద చేపల వేటకెళ్ళే కుటుంబంలో పుట్టింది. సైకాలజీ చదివి, గాజువాకలో చిన్న గది తీసుకుని కౌన్సెలింగ్ చేస్తోంది. కిందటి వారం ఫోన్ చేసి, ఇంక వాదన చాలు, వచ్చి చూడమంది. గొంతులో ఎప్పుడూ ఉండే వెటకారం లేదు. ఆదివారం పొద్దున బయల్దేరాను.

తొమ్మిదికి రావాల్సిన ఎక్స్‌ప్రెస్ అరగంట ఆలస్యంగా వచ్చింది. సెకండ్ సిట్టింగ్‌లో కిటికీ పక్క సీటు. ఎదురుగా తుని వెళ్తున్న పెద్దాయన నా ఉద్యోగమేమిటో కనుక్కుని, బంగారం ఇప్పుడు కొనొచ్చా అని అడిగారు. చెప్పలేనన్నాను. "అదేంటండీ, చదివింది అదే కదండీ మీరు?" అని ఆశ్చర్యపోయి, పక్కాయనతో వర్షాల గురించి మాట్లాడటం మొదలుపెట్టారు.

గాజువాక, ఆటోనగర్ వైపు పని ఉన్నవాళ్ళు విశాఖ స్టేషన్ దాకా పోనక్కర్లేదు. దువ్వాడలో దిగితే బయటే షేర్ ఆటోలు ఉంటాయి. రత్నం ప్లాట్‌ఫామ్ మీదే నిలబడి ఉంది. బాగా చిక్కిపోయింది. ముందు భోజనం చేద్దామని గాజువాకలో ఒక మెస్‌కి తీసుకెళ్ళింది. పప్పు, వంకాయ కూర, పల్చటి చారు. తను సగం అన్నం వదిలేసి అసలు సంగతి చెప్పింది.

ఆటోనగర్‌లో ఒక ఫ్యాబ్రికేషన్ ఫ్యాక్టరీ మూతపడింది. మూసే ముందు యాజమాన్యం ఒక రిపోర్టు రాయించింది. అందులో సగం ఎవరో ఎకనామిస్టు రాశాడు. పోర్టు ఉంది, స్టీలు ఉంది, ఇన్ని వర్క్‌షాపులున్నాయి, వెల్డర్లందరికీ ఏడాది తిరక్కుండా పని దొరుకుతుందని. మిగతా సగం రత్నానిది. ఒక్కో కార్మికుణ్ణీ కూర్చోబెట్టి మాట్లాడి, దెబ్బకి ఎవరు తట్టుకుంటారు, ఎవరు కుంగిపోతారు అని అంచనా వేసింది. కుంగిపోతారన్న వాళ్ళకి కౌన్సెలింగ్, డ్రైవింగ్ శిక్షణ ఇచ్చారు. తట్టుకుంటారన్న వాళ్ళకి, మీరు గట్టివాళ్ళని రిపోర్టులో ఉందని చెప్పి, చేయి కలిపి వీడ్కోలు చెప్పారు.

"ఇప్పుడు అందరి ఇళ్ళకీ వెళ్ళి చూద్దామనుకుంటున్నాను. వాతావరణం వాళ్ళు తుపాను లెక్క తప్పితే ఎక్కడ తప్పిందో వెనక్కెళ్ళి చూసుకుంటారు. మనం రిపోర్టు ఇచ్చేసి ఎప్పుడైనా వెనక్కెళ్ళామా?" అంది.

ఆటోనగర్ వెనక సందులో మొదటి ఇల్లు. తలుపు తీసిన ఆవిడ రత్నాన్ని గుర్తుపట్టింది. "మళ్ళీ ఏటి రాసుకెళ్తారు?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా తలుపేసేసింది. లోపల మంచం మీద పట్టపగలు దుప్పటి ముసుగేసుకుని ఎవరో పడుకుని ఉండటం ఆ కాసేపట్లోనే కనిపించింది.

తర్వాత గాజువాక ఆటో స్టాండులో, అదే ఫ్యాక్టరీలో పనిచేసిన సింహాచలం అనే అతన్ని కలిశాం. ఇతను నెల కూడా తట్టుకోలేడని రత్నం రాసింది. మనిషి మాత్రం శుభ్రంగా ఉన్నాడు, మా ఇద్దరికీ టీ చెప్పాడు. కౌన్సెలింగ్ వల్లే నిలబడ్డాడేమోనని నేను ఆశగా అడిగాను.

"ఆ క్లాసులేటో నాకు గుర్తే నేవు మేడం. మా బావ ఆటో ఇచ్చినాడు. తోలతన్నాను. అంతే" అన్నాడు.

బస్సు కోసం నిలబడ్డప్పుడు రత్నం పైకే ప్రశ్నలు వేసుకుంది. తన అంచనా తప్పిందా, ఆ అంచనా చూసి సాయం చేయబట్టి తప్పినట్టు కనిపిస్తోందా, రెండూ కాక బావ మంచివాడు కావడమేనా? తేల్చాలంటే అదే ఫ్యాక్టరీని మళ్ళీ తెరిచి, సాయం లేకుండా మళ్ళీ మూసి చూడాలి. "మనుషుల్ని రెండోసారి అలా చేసి చూడలేం కదా" అంది. ఆ ఎకనామిస్టు లెక్కా అంతేనని నాకు తోచింది. పనులు ఉన్నమాట నిజమే. కాకపోతే మూతపడింది ఆ ఒక్క ఫ్యాక్టరీయే అయితే సరిపోయేవి; చుట్టుపక్కల ఇంకొన్ని మూతపడ్డాయి.

సిటీ బస్సులో పోర్టు పక్కనుంచి జగదాంబ సెంటర్‌కి వెళ్ళాం. ఆ దారిలో కిటికీ తెరిచి కూర్చోకండి. బొగ్గు పొడి ముఖం మీదా, నాలుక మీదా పడుతుంది. రోడ్డు పక్క చెట్లు ఆకుపచ్చ రంగు మర్చిపోయినట్టున్నాయి. జగదాంబలో ఆటో మాట్లాడుకుని జాలరిపేట చేరేసరికి మూడు దాటింది. ఒడ్డున తెప్పలు, ఎండకి ఆరేసిన వలలు, కుక్కలు.

అసలు మేం వచ్చింది తాతారావు ఇంటికి. గట్టివాడు, తట్టుకుంటాడు అని రత్నం రాసినవాళ్ళలో మొదటివాడు. ఫ్యాక్టరీ పోయాక వెల్డింగ్ పని కోసం తిరిగి తిరిగి, చివరికి బావమరిది తెప్ప మీద వేటకెళ్ళాడు. గాలి లేని ఒక ఉదయం నీళ్ళలో పడిపోయాడు. ఈత రానివాడు కాదు. శవం యారాడ వైపు ఒడ్డుకొచ్చింది. రత్నం వాళ్ళ నాన్నే ముందు చూశాడట.

తాతారావు భార్య దేవుడమ్మ చేపలమ్మి వచ్చి గుమ్మంలో గంప కడుగుతోంది. మమ్మల్ని చూసి తిట్టలేదు. పీటలు వేసింది. రత్నం కోసమే ఎదురుచూస్తున్నట్టు నేరుగా విషయానికొచ్చింది. ఆ ఉదయం తను మొగుడితో గొడవపడింది. ఆడది సంపాదిస్తే తినే మగాడివని అంది. అది విన్న అత్త అప్పట్నుంచీ, నా కొడుకుని నువ్వే చంపావని వీధిలో అంటోంది.

"మీరు ఆయన్తో సానాసేపు మాటాడినారు కదా మేడం. మనిసి లోపల ఏటుందో మీకు తెలుస్తాది. కాలు జారిందా, ఆయనే దిగిపోనాడా? అదొక్కటి సెప్పండి."

కాలు జారిందని చెప్పెయ్యమని లోపల్లోపల రత్నాన్ని బతిమాలుకున్నాను. చెబితే కాదనేవాళ్ళు లేరు. రత్నం చదువుకున్నది, తన చేత్తో రిపోర్టు రాసినది. ఆ మాటతో దేవుడమ్మ ఆ రాత్రి నిద్రపోయేది.

రత్నం తన పీటని దేవుడమ్మ దగ్గరికి జరుపుకుంది.

"నాకు తెలీదమ్మా" అంది. "అప్పుడూ తెలీదు. తెలిసినట్టు రాసేను. నీ మాట వల్లే దిగిపోయేడని అనేవాళ్ళకీ తెలీదు."

దేవుడమ్మ గంపని గోడకి ఆనించింది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. కొంగుతో చేతులు తుడుచుకుని లేచింది. "ఆ ముక్క మా అత్తకొచ్చి సెప్తారా?" అంది.

పక్కిల్లే. ముసలామె అరుగు మీద చేపలు ఎండబెడుతూ కాకుల్ని తోలుతోంది. కోడలు దూరంగా నిలబడిపోయింది. రత్నం వంగి, ఆమె యాసలోనే నెమ్మదిగా, కొడుకు ఎందుకు పోయాడో తనకి తెలియదని, ఎవరికీ తెలియదని, కోడల్ని అనొద్దని చెప్పింది. ముసలామె అంతా వింది. మా ముఖాలు మాత్రం చూడలేదు.

"నీకు తెలీనప్పుడు, నా బిడ్డ గట్టోడని అప్పుడెందుకు సెప్పినావు?" అంది.

చేపల మీద కాకి వాలితే ఈసారి రత్నం తోలింది. వెనక్కి తిరిగితే దేవుడమ్మ అప్పటికే తన ఇంట్లోకి వెళ్ళిపోయింది.

ఆటోలో స్టేషన్‌కి వచ్చేశాం. విశాఖలో సాయంత్రం బండికి జనరల్ టికెట్టే దొరికింది. అనకాపల్లి దాకా నిలబడ్డాను. విశాఖలో బండి కదిలే ముందు రత్నం ప్లాట్‌ఫామ్ మీంచి కిటికీ చువ్వ పట్టుకుని, ఇంకా చాలా ఇళ్ళున్నాయి, వచ్చే ఆదివారం ఆ ఎకనామిస్టు రాసిన సగం గురించి అడిగితే చెప్పడానికి ఎవరైనా ఉంటే బాగుంటుంది అంది. నేను చూద్దాంలే అన్నాను.

మా రెండు చదువులూ శాస్త్రాలో కాదో ఈ ప్రయాణంలో నాకు తేలలేదు. శాస్త్రమని చెప్పుకుని మనుషుల గురించి ఒక మాట రాస్తే, ఆ మాట వాళ్ళ ఇంట్లోకి వెళ్ళి కూర్చుంటుందని మాత్రం చూశాను. రాసినవాళ్ళు వెళ్ళినా వెళ్ళకపోయినా అది అక్కడే ఉంటుంది. అన్నవరం దాటాక రత్నానికి ఫోన్ చేసి, ఆదివారం వస్తున్నానని చెప్పాను. "ఏం చెబుతావు?" అని అడిగింది. ఇంకా ఆలోచించలేదన్నాను.