దిబ్బ మీద ఏముందంటే

ఏళ్ల తరబడి ఒక్క మాట మోస్తున్నాను. దించుకోవడానికి మా ఊళ్లో చోటు లేదు. మీరు నన్నెరగరు. అందుకే మీకు.

చిల్లకల్లు టీకొట్లో అడగండి, రైలును పక్కకు తిప్పిన ముసలాయన అని నవ్వుతూ నా ఇల్లు చూపిస్తారు. ఆ కథ నేనే పెంచాను. ఇంజనీర్లు నా ముందు చేతులు కట్టుకున్నారన్నాను. ఢిల్లీ నుంచి ఫోనొచ్చిందన్నాను. ఓసారి మంత్రిని కూడా మధ్యలోకి లాగాను. అన్నీ కోతలే. జరిగింది చాలా చిన్నది.

కొత్త లైనుకు సర్వే చేస్తూ ఇంజనీరు ఒకాయన మా పొలంలో ఆగాడు. కాగితం మీద గీత సరిగ్గా నా బోరు మీదుగా పోతోంది. ఆయన పడమటి దిబ్బకేసి చూసి, "అటు జరపొచ్చేమో. అక్కడేమన్నా ఉందాండీ?" అన్నాడు.

"ఏముందండీ, ఉత్త బీడు" అన్నాను.

రాసుకున్నాడు. లైను అటే ఖాయమైంది.

ఆ దిబ్బలో దాసు భార్య మార్తమ్మ ఉంది. నా చేలో ఇరవయ్యేళ్లు పత్తి తీసిన మనిషి. వాళ్ల వాడవాళ్లందరినీ అక్కడే పూడ్చేవారు. పేర్లు చెక్కిన రాళ్లు పెట్టే స్తోమత లేదు, వానలకు అణిగిపోయిన మట్టికుప్పలే. కొత్తవాడికి కనబడవు. నాకూ కనబడలేదా? మార్తమ్మ మీద పిడికెడు మట్టి వేసింది ఈ చెయ్యే కదా?

ఎవరి పేరునా లేని నేల, నోటీసు ఎవరికీ రాలేదు. వాడంతా పల్నాడు మిరపకోతలకు వెళ్లిన నెలలో దిబ్బ మీద రైలుకట్ట పోసేశారు. దాసు తిరిగొచ్చి నా గుమ్మంలో నిలబడ్డాడు.

"ఆ రోజు మీరున్నారంటగా బాబుగారూ. చెప్పలేదాండీ వాళ్లకి?"

"చెప్పకేంరా! గొంతు చించుకున్నా. వింటేగా!"

"మీ మాటే వినలేదంటే ఇంకెవరిది వింటార్లెండి."

నాకు దణ్ణం పెట్టి వెళ్లాడు.

ఈస్టరు తెల్లవారుజామున వాళ్లు సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఏటేటా దాసు నన్ను పిలుస్తాడు. "హద్దులన్నీ మీకు తెలుసు గదండీ. మా మార్త ఎక్కడుందో కాస్త చూపించండి." నేను బోరు దగ్గర్నుంచి అడుగులు కొలిచి, గొంతు సవరించుకుని, కట్ట వాలులో కర్ర గుచ్చి "ఇదిగో, ఇక్కడే" అంటాను. వాడు మోకరిస్తాడు. గూడ్సు వస్తే వత్తికి చెయ్యి అడ్డం పెడతాడు.

అది ఆ చోటు కాదు. ఏ చోటో నాకు తెలియదు. నా అడుగులు ఏటికేడు చిన్నవవుతున్నాయి, మార్తమ్మ కూడా బోరు వైపు జరిగి వస్తోంది. దాసు గమనించలేదా? గమనించే పిలుస్తున్నాడా? అడగలేను.

ఆ ఇంజనీరుకు చెప్పాల్సిన జవాబు ఇన్నాళ్లకు మీకు చెబుతున్నాను.

ఉందండీ. అక్కడ మార్తమ్మ ఉంది.