సముద్రం పక్కన మా మామ కట్టిన గోడ

మొన్న ముసురు పట్టిన రోజుల్లో కంటి పరీక్ష చేయించుకుని హైదరాబాదు నుంచి తిరిగి వస్తూ ఉంటే, మా రైలు స్టేషన్ ఘన్‌పూర్‌లో ఆగి రెండు గంటలైనా కదలలేదు. ముందెక్కడో చెరువు అలుగు నీళ్ళు రైలుకట్టను ఒరుసుకుని పారుతున్నాయనీ, పట్టాల కింద మట్టి జారిందేమోనని చూస్తున్నారనీ చెప్పుకున్నారు. పెట్టెలో అందరికీ విసుగే. నా ఎదుటి సీటులో ఉన్న అమ్మాయి ఫోనులో ఎవరితోనో, "ఎవడో బండి ఆపుమన్నడంట, ఏం జూసి ఆపిండో ఏమో, ఈడ మేం సస్తానం" అంటోంది. ఆ ఎవడో ఒకడు ఆ వానలో ఎక్కడ నిలబడి ఉన్నాడో, ఆ మాట నోటి నుంచి రావడానికి ముందు ఎంతసేపు వణికాడో నాకు తెలిసినట్టే అనిపించింది. వరంగల్ మట్టెవాడలో ఇల్లు చేరి తల తుడుచుకుని పడుకున్నా ఆ ఆలోచన వదలలేదు. నా ఈడు వాళ్ళతో చెప్పుకుంటే తప్ప దిగని బరువు ఇది. ఇన్నేళ్ళలో మా ఇంట్లో కూడా పూర్తిగా చెప్పలేదు.

నేను పుట్టింది పాలకుర్తి దగ్గర పల్లెలో. నాకు ఊహ తెలియక ముందే నాన్న పోతే, అమ్మ నన్ను చంకనేసుకుని తన అన్న ఇంటికి వచ్చింది. మా మామ రాతి మేస్త్రీ. బావులకు రాతికట్టు కట్టడం, చెరువుకట్టలకు రాళ్ళు పరచడం ఆయన పని. చదువన్నది ఎరగడు గానీ, సమ్మెటతో ఒక్క దెబ్బ వేసి, ఆ చప్పుడు విని, లోపల పగులుందో లేదో చెప్పేవాడు. అట్లాంటి మనిషి నన్ను వరంగల్ పంపి చదివించాడు. ఆ చదువు పుణ్యాన నాకు రైల్వేలో పనులు చూసే సూపర్‌వైజరుగా ఉద్యోగం దొరికింది. చేరి ఏడాది తిరగక ముందే తీరంలో పెద్ద తుఫాను వచ్చి, సముద్రానికీ రైలుకట్టకూ మధ్య ఉండే రాతిగోడ చాలా దూరం కూలిపోయింది. పట్టాలు కొన్నిచోట్ల గాలిలో వేలాడాయి. నన్ను అక్కడికి పంపారు. రాతి పనివాళ్ళు చాలడం లేదని కాంట్రాక్టరు మొత్తుకుంటుంటే, మా మామ పేరు చెప్పింది నేనే. ఆయన మా అత్తమ్మతో సహా ఇరవై మందిని వెంటబెట్టుకుని దిగాడు.

వాళ్ళలో ఒక్కరూ అంతకు ముందు సముద్రం చూడలేదు. మా అత్తమ్మ ఆ నీళ్ళు దోసిట్లోకి తీసుకుని నాలుక మీద వేసుకుని ఉమ్మేసింది. మామ మాత్రం నడుం మీద చేతులు పెట్టుకుని చాలాసేపు చూసి, "గిన్ని నీళ్ళుండి ఒక్క మడి పారదాయె" అన్నాడు. ఆ మాటకు అందరం నవ్వాం. అక్కడున్న నెల రోజుల్లో మేము మనసారా నవ్వింది బహుశా అప్పుడే.

ఎందుకంటే ఆ పని అంతా భయం మీదే నడిచింది. రోజుకు రెండు పోట్లు, పోటుకొక దెబ్బ. నిన్న పేర్చిన రాయి ఇవాళ ఉంటుందో లేదో తెలియదు. లైను మూతపడితే ఆ చుట్టుపక్కల పల్లెల వాళ్ళు దవాఖానకు పోవాలన్నా చుట్టు తిరిగి పోవాలి, రోడ్డు కూడా తెగే ఉంది. పైనుంచి ఎప్పుడు బండి నడుపుతారని రోజూ అడిగేవాళ్ళు. మా ఇంజనీరు సారు కోస్తా మనిషి, మితభాషి. మొదటి రోజే మమ్మల్ని కూర్చోబెట్టి, సముద్రం గోడను తోసి పడగొట్టదనీ, సందుల్లోంచి లోపలికి వచ్చి, వెనక్కి పోయేటప్పుడు మట్టిని తనతో లాక్కుపోతుందనీ చెప్పాడు. అందుకే గోడ వెనక మొదట పెద్దరాయి, తరవాత చిన్నరాయి, ఆ వెనక గులకరాయి, అన్నిటి వెనక మట్టి వేయాలి. నీళ్ళు బయటికి పోవడానికి గోడలో అక్కడక్కడ ఇనుప గొట్టాలు పెట్టించాడు. వాటిలోంచి తేటనీళ్ళు వస్తే గోడ బతికినట్టు, రంగునీళ్ళు వస్తే వెనక మట్టి కరుగుతున్నట్టు. మా మామకు ఈ పొరల మీద పెద్దగా గురి కుదరలేదు. మట్టిని దిమ్మిసతో గట్టిగా కొడితే చెరువుకట్ట వందేళ్ళు నిలుస్తుంది, ఇదెందుకు నిలవదని ఆయన పట్టు. అయినా సారు చెప్పినట్టే చేస్తూ వచ్చాడు.

మూడో వారంలో నాకు చలిజ్వరం తగిలింది. రెండు రోజులు రేకుల షెడ్డులో దుప్పటి కప్పుకుని పడి ఉన్నాను. మూడో రోజు లేచి రిజిస్టరు తెరిస్తే ఆ రెండు రోజుల గళ్ళూ ఖాళీగా ఉన్నాయి. ఆ రెండు రోజుల్లో మామ జట్టు పది గజాల గోడ లేపేసింది, వెనక నింపడం కూడా అయిపోయింది. నేను వెళ్ళి మామను అడగవచ్చు. అడగలేదు. కాళ్ళు తేలిపోతున్నాయని ఒక సాకు, ఆయన పని మీద అనుమానమేమిటని మరో సాకు చెప్పుకుని, పొరలన్నీ వేశారు, స్వయంగా చూశాను అని రాసి సంతకం పెట్టాను. అది రాయడానికి అర నిమిషం కూడా పట్టలేదు.

లైను పరీక్షించడానికి ఉత్త ఇంజను రావలసిన రోజు అమావాస్య మరునాడు పడింది. మధ్యాహ్నం రెండు గంటలకు ఇంజను, అందులో డ్రైవరు, ఇద్దరు ముగ్గురు అధికారులు. అది క్షేమంగా దాటితే మర్నాటి నుంచి ప్యాసింజరు బండి. ఆ పొద్దున వచ్చిన పోటు అంతకు ముందు నేను చూసిన వాటన్నిటికంటే పెద్దది. నీళ్ళు వెనక్కి తగ్గాక, పది గంటల వేళ, నేను గోడ కింద నుంచి ఒక్కణ్ణే నడుచుకుంటూ వచ్చాను. గొట్టాలన్నిటిలోంచీ తేటనీళ్ళు కారుతున్నాయి. నా గుండె కాస్త కుదుటపడుతోంది. మామ కట్టిన పది గజాల దగ్గరికి వచ్చేసరికి మూడు గొట్టాల్లోంచి ఎర్రమన్ను కలిపినట్టు నీళ్ళు దిగుతున్నాయి. చెయ్యి పట్టాను. వేళ్ళ సందుల్లో మట్టి మిగిలింది. కట్ట మీదికి ఎక్కి చూస్తే పట్టాలు ఎప్పటిలాగే తిన్నగా ఉన్నాయి, స్లీపర్ల కింద కంకర చెక్కుచెదరలేదు. పైనుంచి చూసిన ఎవరికీ ఏమీ కనిపించదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

మామ చెట్టుకింద కూర్చుని అంబలి తాగుతున్నాడు. విషయం చెప్పి, గులకరాయి వేశారా లేదా అని అడిగాను. ఆయన గిన్నె కింద పెట్టాడు.

"లారీ రాలే బిడ్డా. రోడ్డు తెగె, ఒకదినమంత ఎదురు జూసినం. అవుతల అమాస పోటు వస్తాందని సారు తొందర వెట్టవట్టె. మట్టే పోసి దిమ్మిస ఏసినం. నువ్వు జరంల ఉంటివి, లేపబుద్ధి కాలె."

"మామా, అన్నీ చూసిన అని నేను రాసిన" అన్నాను.

ఆయన నా ముఖంలోకి చూసి, "చూడకుంటనే?" అన్నాడు.

నేను తల ఊపాను. సముద్రం అవతల చప్పుడు చేస్తూనే ఉంది. పక్కనే ఉన్న మా అత్తమ్మ అంతా విన్నది. ఆమె లేచి, ఒక స్టీలు గ్లాసు తీసుకుపోయి, ఆ గొట్టం కింద పట్టి, నింపుకొచ్చి నా చేతిలో పెట్టింది. "ఏం జూస్తాన్రు ఇద్దరు? ఇంజన్ల మనుసులుంటరు. పోండ్రి, సారుకు జూపియ్యున్రి" అంది.

దారిలో మామ నా చెయ్యి పట్టుకుని ఆపాడు. "నువ్వు మాట్లాడకు. గోడ నాది, నేను చెప్త. కాయితం సంగతి ఎత్తకు. నీ నౌకరి పోతే మీ అమ్మకు నేను మొకం ఎట్ల సూపియ్యాలె" అన్నాడు.

రేకుల షెడ్డులోనే ఒక పక్కనున్న తన ఆఫీసులో సారు ఆ గ్లాసులో వేలు ముంచి చూశాడు. ఒక్క ప్రశ్న కూడా వేయకుండా ఫోను తిప్పి, ఇంజనును అవతలి స్టేషన్లోనే నిలిపేయమని చెప్పాడు. అటు నుంచి ఎవరో గట్టిగా అరుస్తున్నట్టు నాకు వినిపించింది. ఆయన మాత్రం, "ఆపండి, కారణం సాయంత్రం చెబుతాను" అని పెట్టేశాడు. అప్పుడు మావైపు తిరిగి, "ఈ ముక్కలో వెనక పని ఎవరు చూశారు?" అన్నాడు.

"నేనే సారూ" అన్నాడు మామ. "గులకరాయి లేకుంట నింపిన. తప్పు నాదే. పిలగాడు జరమొచ్చి పండుకున్నడు, ఆయనకేం తెల్వదు."

నేను నోరు తెరవలేదు. నాకు అమ్మ కనిపించింది, వరంగల్‌లో నేను చదువుకునే రోజుల్లో అద్దెకున్న గది కనిపించింది, ఉద్యోగం పోయి ఊళ్ళోకి నడిచి వెళ్తున్న నేను కనిపించాను. సారు మామతో, "మీవాళ్ళను తీసుకుని ఇవాళే వెళ్ళిపో. మనుషుల ప్రాణాలతో ఆడుకునే మేస్త్రీ నాకు వద్దు" అన్నాడు. ఊళ్ళో ఎవరూ ఎన్నడూ వేలెత్తి చూపని మనిషి, "మంచిది సారూ" అని కండువా భుజాన సర్దుకుని, గడప దాకా నడిచాడు. ఆ నాలుగడుగులూ నేను చూస్తూ ఊరుకున్నాను. మామ గడప దాటాక, అప్పుడు వచ్చింది మాట. "సార్, నేను చూడలేదు. చూశానని రాశాను" అన్నాను.

సారు రిజిస్టరు తెప్పించుకుని ఆ పేజీ చదివాడు. నన్ను తిడతాడనుకున్నాను, తిట్టలేదు. "ముందు తవ్వండి. మేస్త్రీని వెనక్కి పిలువు" అన్నాడంతే.

పట్టాల పక్కన రెండు అడుగులు తవ్వేసరికి గడ్డపార జారి లోపలికి పోయింది. స్లీపర్ల చివర కింద ఒక మనిషి ముడుచుకుని కూర్చునేంత గుల్ల. పైన కంకర, దాని కింద చేతిమందం మట్టి, ఆ కింద ఏమీ లేదు. అందరం అంచున నిలబడి చూశాం. మామ ఆ గోతి పక్కన కూలబడి రెండు చేతులతో తల పట్టుకున్నాడు. ఆయన అట్లా కూర్చోవడం మా నాన్న పోయినప్పుడు కూడా ఎవరూ చూడలేదని అత్తమ్మ తరవాత చెప్పింది.

ఆ పది గజాలూ విప్పి మళ్ళీ కట్టడానికి నాలుగు రోజులు పట్టింది. గులకరాయి లారీ తెగిన రోడ్డుకు అవతలే ఆగిపోతే, అత్తమ్మ తట్ట నెత్తికెత్తుకుని ముందు నడిచింది, మావాళ్ళు ఆమె వెనక నడిచారు. మధ్యాహ్నానికి, అడగకుండానే, పక్క పల్లెలోని బెస్త ఆడవాళ్ళు చేపల బుట్టలు తెచ్చి వరుసలో చేరారు. వాళ్ళ మాట మావాళ్ళకు సగమే అర్థమయ్యేది, మావాళ్ళ మాట వాళ్ళకు అదీ కాదు. మామ ప్రతి పొరనూ చేత్తో తడిమి, నన్ను పిలిచి, నేను చూసి ఊఁ అన్నాకే పై పొర వేయించేవాడు. ప్రతి పోటూ తగ్గగానే గొట్టాల దగ్గరికి పరుగెత్తేవాణ్ణి. ఒకరోజు నీళ్ళు కాస్త మబ్బుగా కనిపిస్తే దోసిట్లో పట్టి చూశాను, అది కొత్తగా వేసిన గులకరాయి మీది దుమ్ము.

అయిదో రోజు ఇంజను వచ్చింది. మనిషి నడిచే వేగంతో వస్తోంది. అందరినీ దూరంగా నిలబడమన్నారు. మామ మాత్రం వినకుండా దిగి, గోడ కింద, సముద్రం వైపు, తను కట్టిన ముక్కకు వీపు ఆనించి నిలబడ్డాడు. అత్తమ్మ కేకలు వేసింది, సారు కూడా పిలిచాడు. ఆయన కదలలేదు. ఇంజను నెత్తి మీదుగా దాటుతుంటే కళ్ళు మూసుకుని ఉన్నాడు. అది వెళ్ళిపోయాక పైకి వచ్చి, కుండలో నీళ్ళు ముంచుకుని గటగటా తాగాడు.

సారు నా ఉద్యోగం తీయించలేదు. నా ఫైలులో ఒక చెడ్డమాట రాశాడు. దానివల్ల నాతోటి వాళ్ళకంటే కొన్నేళ్ళు వెనకబడ్డాను, అది న్యాయమే. ఇంజను దాటిన మర్నాడు పోయిన ప్యాసింజరు బండి కిటికీల్లోంచి జనం మాకు చేతులు ఊపారు. వాళ్ళకు ఏమీ తెలియదు, తెలియకపోవడమే మంచిది.

మామ ఆ తరవాత చాలా ఏళ్ళు బతికాడు. ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. అంతకు ముందు నేను ఉత్తరం ఆలస్యంగా రాసినా, చెప్పులు గడపలో విడిచినా ఇంటి కప్పు ఎగిరిపోయేలా అరిచేవాడు. ఆ తరవాత ఒక్కసారీ అరవలేదు. నేను ఊరికి పోతే లేచి కుర్చీ వేయించేవాడు, ఎవరో పెద్దమనిషి వచ్చినట్టు. నేను ఎదిగానని అట్లా చేశాడో, ఆ నాలుగడుగుల మౌనాన్ని మరిచిపోలేక అట్లా చేశాడో, అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

ఇప్పుడు ఆ తీరమంతా సిమెంటు దిమ్మెలు పేర్చారని విన్నాను. కట్టలో ఎక్కడ మట్టి జారినా యంత్రాలే కనిపెట్టి చెబుతాయట. ఏ పని ఎక్కడ చూశారో ఫోటోతో, వేళతో సహా ఫోనులో పడుతుందట, చూడకుండా చూశానని రాయడం ఈ పిల్లలకు వీలే కాదు. ఎంతో మంచిది, నేను పడిన ఆ భయం ఎవరూ పడవద్దు. మా పల్లెలో ఇప్పుడు రాయి చప్పుడు విని పగులు చెప్పేవాళ్ళు ఎవరూ లేరు, వాళ్ళ అవసరమూ లేదు. ఏ పొరపాటు ఎవరి వేలి కింద జరిగిందో తేల్చే సాధనాలు ఇన్ని వచ్చాయి కదా అనుకుంటాను గానీ, అడిగీ అడగక ముందే "తప్పు నాదే" అని ముందుకు నడిచి వచ్చే మనిషి నా వెనక ఉండిన రోజులే నాకు గుర్తొస్తాయి. ఈ వయసులో నాకు పెద్ద కోరికలేమీ లేవు. ఆ రేకుల షెడ్డులో ఇంకొక్కసారి నిలబడే వీలుంటే, ఈసారి ఆయన కంటే ముందు నేనే మాట్లాడతాను.