పసుపు కింద ఎరుపు

నిన్న ఒడిశాలోని బిస్సమ్ కటక్ ఆస్పత్రిలో ఒకాయన కాలి కట్టు విప్పుతుంటే పసుపూ సున్నమూ కలిసిన వాసన గుప్పుమంది. నర్సుని, నాకు కొత్తేం కాదు. అయినా కళ్లు చూసేలోపే నా చేయి తిరగబడి, వేళ్ల వెనకభాగం ఆ వాపు మీద ఆనింది. ఈ అలవాటు నాకు డాక్టరమ్మ పెట్టింది.

ఆవిడ శ్రీకాకుళం వైపు మనిషి. ఇక్కడికి దగ్గర్లోని డొరగుడలో మా ఫ్యాక్టరీ క్వార్టర్స్ పక్కన చిన్న క్లినిక్ నడిపేది. నేను ఇంటరయ్యి ఇంట్లో ఉన్న రోజుల్లో, ఫిట్టరైన మా నాన్న చేతి బొటనవేలికి ఇనుప ముక్క గుచ్చుకుని వాచింది. అమ్మ ఆనవాయితీగా పసుపూ సున్నమూ పట్టేసింది. నాన్న నొప్పి బిళ్లలు మింగి డ్యూటీకి పోయాడు. నొప్పి లేదు కదా, తగ్గిందనుకున్నాం! చలిజ్వరం వచ్చాక గానీ నేను ఆయన్ని క్లినిక్‌కి లాక్కుపోలేదు.

డాక్టరమ్మ ముందు ఆ పట్టు కడిగించింది. కింద ఎర్రటి గీత మణికట్టు దాటి పైకి పాకి ఉంది.

"ఏటయ్యా ఇది? ఒళ్లు అరుస్తుంటే నోరు నొక్కేసేవా?"

"వాపు తీసెయ్యండి డాక్టరమ్మా. సెయ్యి పోతే నాకు పనేటుంది?" అన్నాడు నాన్న. నాకు ఏడుపొచ్చింది.

"వాపొచ్చింది నీ సెయ్యి కాయడానికే." అని నా వైపు తిరిగింది. "ఇలా రా అమ్మీ, సెయ్యి తిరగేసి పెట్టు. కాలతందా? లోపల క్రిములు పడ్డాయి. రక్తనాళాలు వెడల్పయ్యేయి, అందుకే ఎరుపూ వేడీ. వాటిలోంచి నీరూ తెల్లకణాలూ బయటికొచ్చేయి, అందుకే వాపు. నొప్పి కూడా అందులోదే."

కోసి చీము తీసింది. నేను మొహం తిప్పుకుంటే, "పోరాడి సచ్చిన కణాలే, అసయ్యమేటి?" అని కసిరింది. ఇంజెక్షన్లతో వేలు నిలిచింది, సరిగ్గా వంగదంతే. ఆ వేలితోనే నాన్న ఉద్యోగం చేశాడు.

తర్వాత నేను క్లినిక్‌లో సాయానికి కుదిరాను. ఒకరోజు ఆవిడ సీసా మూత తియ్యలేక నాకిచ్చింది. వేలి కణుపులు ఉబ్బి ఉన్నాయి.

"మీకూ కాపలా వచ్చిందా?" అన్నాను, తెలివైనదానిలా.

"వచ్చింది. దొంగ లేడు. ఇల్లే పడగొడతంది. కీళ్లవాతం."

"ఆపెయ్యలేరా?"

"మందులతో అణుస్తున్నాను. పూర్తిగా ఆపేస్తే రేపు ముల్లు గుచ్చుకున్నా కాసే దిక్కుండదు. సూడు." చేయి ముందుకు చాపింది. నా వేళ్ల వెనకభాగం ఆనించాను. కాలుతోంది. చాలాసేపు అలాగే ఉంచాను.

కత్తి పట్టలేని రోజున క్లినిక్ మూసేసి వెళ్లిపోయింది.

నిన్నటాయన కాలూ అలాగే వేడిగా ఉంది. పట్టు కడిగి, బిళ్లలేమైనా మింగాడేమో అడిగి, డాక్టరుకి కబురు పెట్టాను. ఎవరి వాపు మీద చేయి పెట్టినా ముందు నాకు తగిలేవి ఆవిడ కణుపులే.