చాంది తలనొప్పి

అశ్వారావుపేట దగ్గరి లంబాడీ తండాలో తీజ్ పండుగ ఆటకు చాంది ముందు నిలబడిందంటే మిగతా ఆడవాళ్లకు హుషారు పుట్టేది. నడుం వంచి, చప్పట్లు కొడుతూ తిరుగుతుంటే ఆమెకు ఒళ్లు తెలిసేది కాదు. మూడో కాన్పుతో అదంతా పోయింది. నెల తిరక్కుండానే పామాయిల్ తోటలో గెలలు మోయడానికి వెళ్లింది. వద్దన్నవాళ్లెవరు? బాలింత ఎంత త్వరగా పనిలోకి దిగితే అంత గట్టిదని మెచ్చుకునే తండా అది. ఆ మెప్పు చాందికి కడుపునిండా దక్కింది.

అప్పటినుంచి దగ్గినా, తుమ్మినా, గెల ఎత్తినా మూత్రం చుక్కలు పడేవి. కిందికి ఏదో జారుతున్నంత బరువు. మొగుడు దేవ్లాకు కూడా చెప్పలేదు. తీజ్ వస్తే మాత్రం తలకు గుడ్డ కట్టుకుని అరుగు మీద కూర్చునేది. చాంది తలనొప్పి తండా అంతటికీ తెలుసు. ఆ తల ఏనాడూ నొప్పి పెట్టలేదని మాత్రం ఎవరికీ తెలియదు.

తీజ్ పెళ్లికాని పిల్లలు నోచుకునే పండుగ, ఆటకు మాత్రం ఆడవాళ్లంతా దిగుతారు. పెళ్లి కుదిరిన కూతురు శ్రావణి, తన ఆఖరి తీజ్ నాడు వచ్చి తల్లి చెయ్యి పట్టుకుంది.

"యాడీ, గీ ఒక్కసారి నాతోని ఆడవే."

"తల పగిలిపోతుంది, పో," అని చాంది చెయ్యి విదిలించుకుంది.

పిల్ల కళ్లు తుడుచుకుంటూ వెళ్లి తల్లి లేకుండానే ఆడింది. ఆడి ఉంటే ఏమయ్యేది? లంగా తడిసేది, అంతే కదా. చాంది ఇప్పటికీ తనకు తాను వేసుకునే ప్రశ్న ఇదే.

శ్రావణి మధిర కోడలై వెళ్లిన కొన్నేళ్లకు, ఊరి దవాఖానాకు ఆఫియా అనే ఫిజియోథెరపిస్టు రావడం మొదలైంది. కాన్పుల తర్వాత మూత్రం ఆగని ఆడవాళ్లను చాప మీద పడుకోబెట్టి, మోకాళ్లు మడిపించి, పొట్ట మీద చెయ్యి పెట్టించేది. ఆ మాట చెవినపడి, ఇంట్లో చెప్పకుండా చాంది కూడా వెళ్లింది.

"గాలి పీల్చేటప్పుడు కింద వదులు చెయ్యండి. విడిచేటప్పుడు మూత్రం ఆపుకున్నట్టు మెల్లగ పైకి లాగండి. పిర్రలు బిగబట్టొద్దు, చాందమ్మా."

"మోసింది చాలదని గిప్పుడు కసరత్తా?" అని చాంది నవ్వింది. కానీ అరచేతి కింద పొట్ట లేస్తూ దిగుతుంటే ఆ నవ్వు ఏడుపైంది. ఇన్నేళ్లూ ఆ ఒంటితో చాకిరీ చేయించుకుందే తప్ప, ఎలా ఉన్నావని ఒక్కనాడూ అడగలేదు.

నెలలు గడిచేకొద్దీ చుక్కలు ఆగాయి, బరువు తగ్గింది. ఆ రోజుల్లోనే శ్రావణికి మధిరలో రెండో కాన్పయింది. నెలకే నాట్లకు వెళ్తున్నానని పిల్ల ఫోన్‌లో చెబితే, అలవాటైన నోరు కదా, "నా బిడ్డ గట్టిది" అనేసింది చాంది.

మళ్లీ తీజ్ వచ్చింది. శ్రావణి చంటిదాన్నెత్తుకుని పుట్టింటికి వచ్చింది. చాంది అద్దాల రవిక తొడుక్కుని, అరుగు మీదున్న కూతురికి చెయ్యి చాపింది.

"దా బిడ్డా. గప్పుడు ఆడలే. గిప్పుడన్న ఆడుదాం."

శ్రావణి లేవలేదు. తల్లి మొహం చూడకుండా చంటిదాన్ని సర్దుకుంది.

"నువ్వు ఆడు యాడీ. నాకు తలనొస్తుంది."

చాచిన చెయ్యి కిందికి దిగింది. ఆవల ఆట మొదలై చాందిని పేరు పెట్టి పిలుస్తున్నారు. ఆమె వెళ్లలేదు. కూతురి పక్కన కూర్చుని, ఎవరికీ వినపడకుండా అడిగింది.

"ఎప్పటి సంది, బిడ్డా?"