కుందేలు వెనక కాళ్లు

నిన్న అరకు వెళ్తుంటే అనంతగిరి మలుపులో ఒక కుందేలు మా కారు ముందు నుంచి దూకి గట్టెక్కింది. డెబ్బైల్లో మా నాన్న అక్కడే బడిపంతులు. మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, కొండవాలంతా పచ్చగా పూసే వలిసె చేలు, గౌనుకంతా అంటుకునే ఆ పసుపు పుప్పొడి.

ఒకరోజు మా కుక్క టైగర్ ఆ చేలోంచి ఒక కుందేలును లేపి దిగువకు తరిమింది. వాలులో పరిగెత్తలేక కుందేలు రెండుసార్లు పల్టీ కొట్టింది. నేను ఏడుపు లంకించుకున్నాను.

"ఏటే గుంటా, ఎందుకేడుత్తన్నావు?" అంది పక్క గూడెంలో ఉండే నా నేస్తం బుద్రి.

"టైగర్ దాన్ని చంపేస్తుందే!"

"దాని ఎనక కాళ్లు పొడుగు, ముందు కాళ్లు పొట్టి. అందుకే దిగువకి తూలిపోద్ది. ఎగువకి తిప్పితే ఎవులికీ దొరకదు."

అంటూనే బుద్రి అడ్డదారిన కిందికి ఉరికి, భుజం మీది తువ్వాలు తీసి కుందేలుకు ఎదురుగా ఊపింది.

అది గిరుక్కున తిరిగింది. వెనక కాళ్లతో నేలను తన్నుతూ, స్ప్రింగులా ఎగురుతూ, మేం చూస్తుండగానే కొండెక్కి మాయమైంది. టైగర్ సగం దారిలోనే నాలుక వేలాడేసి కూలబడింది. నేను చప్పట్లు కొడుతూ గంతులేశాను.

బుద్రి మాత్రం నడుం మీద చేతులు పెట్టుకుని కొండకేసి చూసింది.

"నువ్వేడిసావని వదిలేసాను గానీ, మా ఇంట్లో ఈ రేతిరి కూర అదే!"

ఆ ఆదివారం అమ్మ కోడి కూర వండింది. తొడలు రెండూ నేనే బుద్రి పళ్లెంలో వేశాను. ఎముకలు కూడా వదల్లేదు, మహాతల్లి!