అమ్మ నిద్రపోయిన మధ్యాహ్నం

మొన్న ఆఫీసు నుంచి వచ్చి మంచం మీద వాలానో లేదో, వంటింట్లోంచి మా ఆయన వండుతున్న పప్పు మాడిన వాసన వచ్చింది. నా చిన్నప్పుడు చర్లలో అమ్మకు మలేరియా వచ్చిన ఆదివారం గుర్తొచ్చింది.

అమ్మ అక్కడి దవాఖానాలో నర్సు, నాన్న బడిలో పంతులు. ఆ రోజు అమ్మ దుప్పటి కప్పుకుని వణుకుతుంటే నాన్న, "నువ్వు లేవకు మేరీ, వంట నేను చేస్త" అన్నాడు. నాకెంత గర్వమో! మా వీధిలో ఇంకే నాన్నా పొయ్యి దగ్గరికి వెళ్లేవాడు కాదు.

కాసేపటికి వంటింట్లోంచి కేకలు మొదలయ్యాయి.

"మేరీ, పసుపు ఏడున్నది?"

"పప్పుల నీళ్లెన్ని పొయ్యాలె?"

అమ్మ కళ్లు మూసుకునే అన్నిటికీ జవాబు చెప్పింది. "చిన్నదాని రేపటి స్కూల్ డ్రెస్సు ఏడ పెట్టినవ్?" అని నాన్న అడిగేసరికి మాత్రం లేచి, గోడ పట్టుకుని వంటింటి గుమ్మం దాకా నడిచింది.

"ఇల్లు నీది కాదా? ఏది ఏడుందో అంతా నేనే యాది పెట్టుకోవాల్నా? జరమొచ్చినా పండనియ్యవా?" అంది.

అంత మంచి నాన్నను తిడుతుందేమిటని నాకు ఏడుపొచ్చింది.

నాన్న అమ్మను తీసుకెళ్లి పడుకోబెట్టి, తలుపు దగ్గరగా వేశాడు. ఆ తర్వాత ఒక్కటీ అడగలేదు. డబ్బాల మూతలన్నీ తీసి తనే వెతుక్కున్నాడు. పప్పు అడుగంటింది, ఉప్పు ఎక్కువైంది. చెల్లీ నేనూ నీళ్లు తాగుతూ తిన్నాం. అమ్మ సాయంత్రం దాకా కదలకుండా నిద్రపోయింది.

పొద్దున వేసుకున్న జ్వరం మాత్ర పనిచేసిందనుకున్నాను. నాకూ ఇల్లూ పిల్లలూ వచ్చాక గానీ తెలియలేదు, ఆమెను నిద్రపుచ్చింది ఆ మధ్యాహ్నం ఎవరూ ఏమీ అడగకపోవడమేనని.