పులుసు తినని నోరు

గంగాలమ్మ ఎవరినీ ఓ పట్టాన నమ్మేది కాదు. చేప ఎంత మెరిసినా సరే, మొప్ప ఎత్తి లోపలి ఎరుపు చూస్తే గాని గంపలో వేసుకోదు. చిక్కల్లా మనుషులతోనే. "సేపకైతే మొప్ప ఎత్తి సూత్తాం. మనిసికి ఏటెత్తి సూడమంతావు?" అనేది మొగుడు పోలిరాజుతో.

ఎమర్జెన్సీలో ఒడ్డునున్న గుడిసెలు ఖాళీ చెయ్యమంటే పోలిరాజు చెయ్యనన్నాడు. మర్నాడే పోలీసులొచ్చారు. అన్ని గుడిసెలుండగా తిన్నగా అతని గుమ్మం ముందే ఆగారు. వేలు పెట్టి చూపించింది ఊరిపెద్ద అర్జునరావు. గంగాలమ్మ కళ్లారా చూసింది. స్టేషన్ నుంచి తిరిగొచ్చిన పోలిరాజుకి కుడికాలు మరి నిలవలేదు. చేపల వేటకెళ్లడం అక్కడితో సరి.

ఓట్లు జరిగాయి, సర్కారు మారింది, అర్జునరావు కండువా కూడా మారింది. అప్పట్నుంచీ ఈ గుమ్మం తొక్కని మనిషి ఓ పొద్దున్న నవ్వుకుంటూ వచ్చాడు.

"జరిగిందేదో జరిగిపోనాది గంగాలూ. మద్దేన్నం అందరం కూకుని పులుసు తిందాం."

ఆ పేటలో తగువుపడ్డవాళ్లు ఒకే కుండలోని చేపల పులుసు తింటే తగువు తీరినట్టే. తిన్న నోటితో పాత మాట ఎత్తకూడదు. ఎత్తినవాణ్ణి ఏ పడవా ఎక్కనివ్వరు.

"సూద్దాం బావా" అని గంప నెత్తికెత్తుకుంది గానీ, గంగాలమ్మ మనసు మనసులో లేదు. ఇన్నాళ్లూ లేని ప్రేమ ఇవాళెందుకు పుట్టుకొచ్చినట్టు? మద్దిలపాలెంలో రోజూ చేపలు కొనే సూర్యకాంతమ్మ మాటల్లో అసలు సంగతి బయటపడింది. ఎమర్జెన్సీ అన్యాయాలు వినడానికి సోమవారం ఓ అధికారి వస్తున్నాడట.

అదన్నమాట! కడుపు మండిపోయి, అమ్మగా మిగిలిన చేపలతోనే ఇంటికి పరుగెత్తింది.

అప్పటికే పోలిరాజు చేతికి పులుసు వాసన.

"తినీసావా?"

"ఊరంతా కూకుంది. ఎన్నాళ్లని ఈ పగ?" పోలిరాజు తల ఎత్తలేదు.

అక్కడే కూర్చున్న అర్జునరావు మూతి తుడుచుకున్నాడు. "మగోడు తింతే ఇంటిల్లిపాదీ తిన్నట్టే. ఇంక ఆ మాట ఎత్తకు."

గంగాలమ్మ ఎడమచెయ్యి ముందుకి చాపింది. చూపుడువేలి గోటి చివర ఓటు సిరా ఇంకా నల్లగా ఉంది.

"ఓటు కాడ ఈ మనిసి ఏలికీ సిరా ఎట్టారు, నా ఏలికీ ఎట్టారు. మగోడికెట్టి ఇంటిల్లిపాదికీ సరిపెట్టీనేదు కదా బావా? నాను తిన్నేదు. నా నోరు నాది. సూపించింది నానేనని ఊరి ముందు ఒప్పుకో, ఆ రోజు నానే వొండి ఎడతాను పులుసు."

అర్జునరావు కండువా దులుపుకుని వెళ్లిపోయాడు.

సోమవారం అధికారి దగ్గరికి బయల్దేరితే వెనకాలే చేతికర్ర చప్పుడు. తనని ఆపమని మొగుణ్ణి పురమాయించారని అనుకుంది. పులుసు తిన్న మనిషి కదా మరి! వెనక్కి తిరిగి చూడకుండా నడిచింది.

అధికారి ముందు జరిగిందంతా చెప్పింది. ఆయన ఓపిగ్గా విని, "సాక్ష్యం ఏదైనా ఉందా అమ్మా?" అన్నాడు.

అప్పుడు వెనకనుంచి పోలిరాజు ముందుకొచ్చాడు. పెదవి విప్పకుండా లుంగీ మోకాలి పైకి లాగి, వంకరపోయిన కాలిని రెండు చేతులతో ఎత్తి ఆయన ఎదుట కుర్చీలో పెట్టాడు.

బయటికొచ్చాక గంగాలమ్మకి ఏడుపు ఆగలేదు. దారంతా ఇతన్నే అనుమానించినందుకు సిగ్గేసింది.

"ఊరుకోలే" అన్నాడు పోలిరాజు. "మాట ఎత్తకూడదన్నారు గానీ, కాలు ఎత్తకూడదన్నేదు కదా."